గోడ వైపు పదకొండు కుర్చీలు

జులై 10, ఆదివారం

నేను తాతయ్య కోసం కట్టట్లేదు. ఈ మాట ఇవాళ భోజనాల దగ్గర మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ అందరూ నవ్వారు, సిగ్గుపడుతున్న చిన్నపిల్లని చూసి నవ్వినట్టు.

అత్త పేపర్ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. "పార్కులో సంగీత మండపం, డిజైన్ చేసేది మన ఊరి అమ్మాయే." ఫోటోలో నా ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది.

"యూన్ పైకి అలా కరుకుగా ఉంటుంది గానీ లోపల మెత్తన," అంది అత్త, చేప పొట్ట ముక్క నా గిన్నెలో వేస్తూ. "నానమ్మ పోయేటప్పుడు రాలేకపోయింది కదా, అది మనసులో పెట్టుకుంది. అందుకే తైపే వదిలేసి వచ్చి తాతకి గూడు కడుతోంది."

"అత్తా, అది టెండరు. ల్యావ్ సార్ ఆఫీసు గెలిచింది. నేను అక్కడ ఉద్యోగిని. అంతే."

"సరేలే, నువ్వలాగే అను."

"రాలేకపోయింది" అనేటప్పుడు అత్త ఆ మాటని కొంచెం సాగదీస్తుంది. ఇంకెవరూ పట్టుకోలేరు. నేను పట్టుకుంటాను.

తాతయ్య వేణువుకి నూనెగుడ్డ పట్టిస్తూ కూర్చున్నాడు.

నేను వచ్చింది ఇది నా మొదటి పైకప్పు కాబట్టి. తైపేలో మూడేళ్ళు ఇతరుల భవనాలకి మరుగుదొడ్ల పలకలు గీశాను. ఇక్కడ ఒక మొత్తం కప్పు నాది. ఇంతకంటే కారణం లేదు. మార్చి నెల గురించి ఇందులో రాయను.

జులై 12, మంగళవారం

పార్కులో కొలతలు తీశాం.

మండపానికి చూపించిన చోటు పడమటి గోడ పక్కన, నిద్రగన్నేరు చెట్టు దగ్గర. అక్కడే తాతయ్య వాళ్ళ నాన్‌గ్వాన్ అనే పాతకాలపు సంగీత బృందం కూర్చునేది. మంగళ, శుక్ర, ఆదివారాలు, ఎనిమిది నుంచి పదకొండు దాకా. రోడ్డు వెడల్పులో వాళ్ళ పాత మందిరం పోయినప్పట్నుంచీ, అంటే ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఇదే చోటు. ఇప్పుడు పదకొండు మంది మిగిలారు. అందరిలోకీ చిన్నవాడికి అరవై ఎనిమిది. చెట్టు మొదలుకి గొలుసేసి కట్టిన పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు, ఎవరిదో తెలియని గొడుగు.

గమనించినవి: కుర్చీలు గుర్రపు నాడా ఆకారంలో వేస్తారు. నాడా తెరిచిన వైపు గోడకి. గోడకీ వాళ్ళకీ మధ్య పది అడుగులు ఖాళీ. మైదానంలో నడిచేవాళ్ళకి వీళ్ళ వీపులే కనిపిస్తాయి. అంత పచ్చిక వెనక్కి పెట్టుకుని, ఇటుకలకి ఎదురుగా కూర్చుని పాడుతున్నారు. వేదిక అన్న ఆలోచనే లేదు వీళ్ళకి.

ఇరవై అడుగులు జరిగి నిలబడితే బృందంలో పిపా అనే వీణలాంటి వాద్యం వాయించే త్సాయ్ మామ్మ తీగలు అసలు వినపడవు. పాడే మనిషి చేతిలో చిడతలు మాత్రం టక్, టక్.

ఇది నేను సరిచేయగలను. ఇది ధ్వని సమస్య. తాతయ్యకీ దీనికీ సంబంధం లేదు.

జులై 21, గురువారం

వచ్చింది. పొద్దున బస్సులో, టికెట్ వెనకాల. గోడని ఆనుకుని లేచి, మైదానం వైపు తెరుచుకునే ఒక తెల్లటి ఆల్చిప్ప. అంచు చేతి మందం కూడా ఉండదు.

ల్యావ్ సార్ నా వెనక నిలబడి చాలాసేపు చూశాడు. ఆయన ఎప్పుడూ కూర్చుని చూస్తాడు.

"ఈ గీత నీదేనా?"

"నాదే సార్."

"ఊఁ." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చెట్టుని ఆ చివరికి మార్పించాలి. వేళ్ళతో సహా ఎత్తి నాటేవాళ్ళున్నారు. కొత్త సంవత్సరం కచేరీ ఇందులోనే అని పైవాళ్ళ కోరిక. సమీక్ష సెప్టెంబర్ పద్నాలుగు. ఈలోపు దయ్యాల నెల వస్తోంది, ఎవడూ పునాది తవ్వడు. కాగితాలు తవ్వుదాం."

ఆ కాగితాల్లో ఒకటి: ఆ చోటుని పదేళ్ళకి పైగా వాడుకుంటున్నవాళ్ళ సమ్మతి పత్రం, సంతకం బదులు కొట్టే పేరు ముద్రలతో సహా. అది లేనిదే సమీక్ష సంఘం ఫైలు తెరవదు.

"అది నీకు తేలిక. మీ తాతగారే కదా," అన్నాడు.

నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు తాతయ్య సంగతి. నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది నా పాత బొమ్మలు చూసే. అలా అని ఆయన అననూ లేదు, నేను అడగనూ లేదు.

జులై 30, శనివారం

ఆల్చిప్ప అందంగా ఉంది. ఎన్నిసార్లు చూసినా అందంగానే ఉంది.

ఆగస్టు 5, శుక్రవారం

వెదురు, తెల్ల కాన్వాసు పెట్టి అసలు కొలతల్లో నమూనా కట్టించాం. కట్టడానికి రెండు రోజులు. పొద్దున ఎనిమిదింటికి పదకొండుమందినీ అందులో కూర్చోబెట్టాను. మైదానం వైపు తిప్పి.

తాతయ్య తన కుర్చీ తనే మోసుకొచ్చాడు. త్సాయ్ మామ్మ నలభై ఏళ్ళు బడిలో వంట చేసిన మనిషి. చేతుల్లో ఇంకా బలముంది. పిపాని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని చుట్టూ చూసింది. మైదానంలో నేనూ, ల్యావ్ సారూ, ఒక కుక్కా.

"దయ్యాల నెల కదా," అంది. "వినేవాళ్ళకి కొదవేం ఉండదులే."

అందరూ నవ్వారు. సారు కూడా.

మొదలుపెట్టారు. నేను ధ్వని కొలిచే మీటరు పట్టుకుని వెనక్కి నడిచాను. ఇరవై అడుగులు, నలభై, అరవై. అరవై అడుగుల దగ్గర పిపా తీగ ఒక్కొక్కటీ గింజల్లా వినపడింది. అంకె రాసుకుని తిరిగి చూసేసరికి ఆపేశారు.

పాట మధ్యలో. నా చిన్నప్పుడు ఒకసారి భూకంపం వచ్చి టీ కప్పులు కిందపడ్డప్పుడు కూడా చివరి చిడత దెబ్బ దాకా పాడిన మనుషులు వీళ్ళు. తాతయ్య వేణువు పెదాల దగ్గర్నుంచి దించి, దాని చివరకేసి చూస్తున్నాడు, అందులో ఏదో ఇరుక్కున్నట్టు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. "ఏమైంది? బాగుందా?"

"బాగుంది," అంది త్సాయ్ మామ్మ. "గాలి బాగా వస్తోంది."

"చాలా బాగుంది," అన్నారు మిగతావాళ్ళు. "తెల్లగా ఉంది."

"మరి ఆపేశారేం?"

"ముసలాళ్ళం కదమ్మా," అన్నాడు తాతయ్య.

నచ్చింది వాళ్ళకి.

ఆగస్టు 6, శనివారం

నచ్చింది వాళ్ళకి. బాగుంది అని పదకొండుమందీ అన్నారు. నాలుగుసార్లు అడిగాను.

ఆగస్టు 9, మంగళవారం

నమూనా ఇంకా విప్పలేదు, ఖాళీగానే ఉంది. వాళ్ళు మళ్ళీ పక్కకి జరిగి చెట్టు కిందే కూర్చున్నారు, గోడకి ఎదురుగా.

లెక్క చూశాను. ఆల్చిప్పలో చిడత దెబ్బ వెనక గోడకి తగిలి వాళ్ళ చెవికి ఇంకోసారి వస్తుంది. తేడా సెకనులో పదోవంతు కూడా కాదు. మామూలు చెవికి తెలియదు.

మామూలు చెవికి.

ఆగస్టు 17, బుధవారం

పెద్దలకీ దయ్యాలకీ పెట్టే రోజు. ఇంటి ముందు బల్ల మీద పళ్ళు, బియ్యం, బిస్కెట్లు, సోడా డబ్బాలు. అత్త అగరొత్తుల కట్ట నా చేతిలో పెట్టి, "నానమ్మకి నువ్వే వెలిగించు. మార్చి నుంచీ నీకోసమే చూస్తోంది," అంది.

అమ్మ "వదినా" అంది. అంతే అంది.

వెలిగించాను. మార్చిలో గురువారం పని అప్పజెప్పాలి, శుక్రవారం పొద్దున రైలుకి వస్తానని ఫోన్లో నానమ్మకే చెప్పాను. "శుక్రవారమా, సరే, ఉంటాలే," అంది, ఎవరింటికో వెళ్ళబోయి ఆగినట్టు. గురువారం మధ్యాహ్నం పోయింది.

రాయనన్నాను. రాశాను. ఇంక రాయను.

ఆగస్టు 26, శుక్రవారం

తాతయ్య సమ్మతి పత్రం తెచ్చిచ్చాడు. నేను అడిగింది నిన్ననే.

ఎలా చేశాడో అమ్మ చెప్పింది. పొద్దున బిస్కెట్ డబ్బా పట్టుకుని పార్కుకి వెళ్ళాడట. అందరూ తమ తమ ముద్రలు తెచ్చి అందులో వేశారట. ఒక్కళ్ళూ కాగితం చదవలేదట. చెట్టు కింద కూర్చుని ఒక్కొక్కటీ ఎర్ర సిరాలో అద్ది, తాతయ్యే కొట్టాడట. ముద్ర ఇంకొకరి చేతిలో పెట్టడమంటే తలుపు తాళం ఇచ్చినట్టు. తాతయ్యకి ఇచ్చారు.

వరసలు తిన్నగా వచ్చాయి. ఒక్కటీ చెదరలేదు. మూడు వరసలు, వరసకి నాలుగు.

పన్నెండు.

ఆగస్టు 29, సోమవారం

ల్యావ్ సారు కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చదివాడు. "జాబితాలో పదకొండుమందే ఉన్నారు. ఈ చివరిది... యెన్ యూ-లాన్. ఎవరీవిడ?"

"తెలియదు సార్," అన్నాను.

ఆయన నావైపు చూడలేదు కూడా. "పొరపాటున పడుంటుంది. సంఘంలో ఒకడికి ఇలాంటివి పట్టుకోవడమే పని. కొత్త కాగితం మీద పదకొండే కొట్టించుకురా."

తెలియదు సార్. ఎంత తొందరగా వచ్చింది నోట్లోంచి. మా నానమ్మ అని ఆ రెండు ముక్కలు అనడానికి ఎంతసేపు పట్టేది?

ఆగస్టు 30, మంగళవారం

తాతయ్య పెరట్లో ముల్లంగి ముక్కలు ఎండబెడుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"తాతయ్యా, కాగితంలో నానమ్మ ముద్ర పడింది."

"పడలేదు. కొట్టాను."

"బృందంలో పదకొండుమందే కదా?"

"మీ నానమ్మ మానేసిందా?"

"చనిపోయింది తాతయ్యా."

"చనిపోయింది," అన్నాడు. "మానెయ్యలేదు."

ఒక ముక్కని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, డబ్బా తెచ్చాడు. ముద్రలు ఇంకా అందులోనే ఉన్నాయి. తిరిగి అడగడానికి ఎవరూ రాలేదు. కొత్త కాగితం మీద పదకొండు కొట్టాడు. పన్నెండోది ఎడమ చేతిలో పట్టుకునే కొట్టాడు అన్నీ. చివర్న దాన్ని చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందా?"

సరిపోయింది అన్నాను.

సెప్టెంబర్ 2, శుక్రవారం

ఫైలు సిద్ధం. నలభై రెండు పేజీలు. పదకొండు ముద్రల పత్రం ముప్ఫయ్యెనిమిదో పేజీ. పన్నెండు ముద్రలది ఈ డైరీలో పెట్టాను. పారెయ్యడానికి చెత్తబుట్ట దగ్గర్లో లేదు.

సెప్టెంబర్ 6, మంగళవారం

సారు ఇవాళ అందరి ముందూ అన్నాడు, సమీక్ష అయ్యాక బయట బోర్డు మీద ఆయన పేరు కింద నా పేరు కూడా వేయిస్తానని. పూర్తి పేరు. కే పెయ్-యూన్.

అత్తకి ఎవరో చెప్పేశారు. ఇంటికొచ్చేసరికి కేకు ఉంది.

సెప్టెంబర్ 12, సోమవారం

సమీక్షకి ఇంకా రెండు రోజులు. ఆఖరి ఫోటోల కోసం పొద్దున పార్కుకి వెళ్ళాను. సోమవారం, వాళ్ళు వచ్చే రోజు కాదు. కానీ పదకొండుమందీ ఉన్నారు, ఇస్త్రీ బట్టల్లో.

గోడకి ఎర్ర గుడ్డ కట్టారు. దాని మీద వాళ్ళ దేవుడి బొమ్మ. నాన్‌గ్వాన్ వాళ్ళకి వేరే దేవుడున్నాడు, ఏడాదికి రెండుసార్లు కొలుస్తారు. అది నాకు తెలుసు. కానీ చిన్నప్పట్నుంచీ అది బడి ఉన్న రోజునే వచ్చేది, ఎప్పుడూ చూడలేదు. బొమ్మ పక్కన పొడవాటి కాగితపు చుట్ట విప్పి వేలాడదీశారు. నిండా పేర్లు, నిలువు వరసల్లో. పైన సిరా గోధుమరంగు తిరిగిపోయింది. కిందకొచ్చేకొద్దీ నలుపు. అన్నిటికంటే చివర, ఇంకా మెరుస్తున్న నల్ల సిరాలో, యెన్ యూ-లాన్.

కుర్చీలు ఎప్పటిలాగే వేశారు. కొత్తగా ఏమీ జరపలేదు. జరపాల్సిన అవసరం లేదు.

నేను చెట్టు పక్కన నిలబడి, జులైలో నేను రాసుకున్న వాక్యం గుర్తు తెచ్చుకున్నాను. ఇటుకలకి ఎదురుగా కూర్చుని పాడుతున్నారు.

పాట అయ్యాక త్సాయ్ మామ్మ నాకు టీ పోసింది.

"మామ్మా, ఈ గోడ వెనక ఏముండేది?"

"మా మందిరం. దేవుడి గూడు సరిగ్గా ఆ ఎర్ర గుడ్డ వెనకే. ఈ చుట్ట కూడా అక్కడే ఉండేది. ఇప్పుడు బళ్ళు పెట్టుకుంటున్నారు. గోడ మీంచి చూడు, ఆ నీలం స్కూటర్ దగ్గర."

"అయితే ఎప్పుడూ ఇటు తిరిగి కూర్చునేది..."

"మరెటు తిరుగుతాం? వీళ్ళు నేర్పిన పాటలు వీళ్ళకే కదా వినిపించాలి, సరిగ్గా వాయిస్తున్నామో లేదో." కాగితపు చుట్ట వైపు గడ్డం ఎత్తి చూపించింది. "మిగతావాళ్ళు వింటే వాళ్ళ అదృష్టం."

"నా మండపంలో కూర్చుంటే..."

"వీళ్ళకి వీపు పెట్టాలి," అంది, రేపు వాన పడుతుంది అన్నంత మామూలుగా. "అదీగాక నీ ఆల్చిప్పలో నా చిటికెన వేలు నాకే రెండుసార్లు వినపడింది. మీ తాత తన వేణువు ఏ వేలు వెంట పోవాలో తెలియక ఆగిపోయాడు పాపం."

"ఎందుకు చెప్పలేదు మామ్మా? నాలుగుసార్లు అడిగాను!"

"నువ్వడిగింది బాగుందా అని. బాగుంది. ఇప్పటికీ బాగుంది, పెళ్ళికూతురి ముసుగులా ఉంది. మీరెటు కూర్చుంటారు అని అడిగావా?"

కొలిచాను. అడగలేదు.

"మరి ముద్రలు ఎందుకిచ్చారు? చెట్టు పోతుంది. ఆ తర్వాత ఇక్కడ కూర్చోవాలంటే కంప్యూటర్లో దరఖాస్తు పెట్టాలి. తెలుసా?"

"మీ తాత అడిగాడు." టీ కప్పులో పడిన ఆకు వేలితో తీసి పారేసింది. "ఇన్నేళ్ళలో ఆయన మమ్మల్ని ఏదైనా అడగడం ఇదే మొదలు. ఏమిటని అడుగుతామా?"

సెప్టెంబర్ 13, మంగళవారం

తాతయ్యతో పార్కు నుంచి నడిచి వచ్చాను. ఆయన బస్సెక్కడు. వేణువు సంచి నేను పట్టుకున్నాను. అంత బరువుంటుందని ఎప్పుడూ తెలియదు.

"నీకు ముందే తెలుసు కదా, అందులో వాయించలేరని. నమూనా రోజునే తెలిసింది."

"ఊఁ."

"మరి అందరి ముద్రలూ..."

"నువ్వు ఇంటికొచ్చావు," అన్నాడు.

పళ్ళ కొట్టు ముందు ఆగాడు. పున్నమి పండక్కి పంపర పనసలు గుట్ట పోశారు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని తట్టి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఈ పని లేకపోతే మళ్ళీ తైపే పోతావు. అక్కడ నీకు శుక్రవారాలు దొరకవు." నన్ను తిట్టినట్టు లేదు గొంతు. పండు ధర చెప్పినట్టుంది. "నిద్రగన్నేరుదేముందమ్మా, ఎక్కడ పాతినా బతుకుతుంది. మీ నానమ్మతో కూడా అదే చెప్పాను. కోప్పడలేదు."

"ఎప్పుడు చెప్పావు?"

"పోయిన నెల ఇరవయ్యారో తారీఖున. ముద్ర కొట్టేముందు అడగొద్దూ?"

ఇల్లు వచ్చింది. గుమ్మం దగ్గర అత్త, "తాతా మనవరాలూ మండపం చూసొస్తున్నారా!" అంది. తాతయ్య నవ్వాడు. నేను కూడా నవ్వి ఉంటాను.

సెప్టెంబర్ 14, బుధవారం. పొద్దున 6.40

పదకొండు ముద్రల పత్రం ఫైలులోంచి తీసి చింపేశాను. పన్నెండు ముద్రలది ఈ డైరీలో ఉంది, ఇక్కడే ఉంటుంది.

తొమ్మిదింటికి ల్యావ్ సారుకి చెబుతాను. పదింటికి సంఘం ముప్ఫయ్యెనిమిదో పేజీ ఏదని అడిగితే, ఆ సమ్మతి నేను తప్పు ప్రశ్న అడిగి తీసుకున్నానని, అందులో వాయించేవాళ్ళు వాయించలేరని, కొలతలు కూడా అదే చెబుతున్నాయని, అవి ఆగస్టు నుంచే నా దగ్గర ఉన్నాయని చెబుతాను. యెన్ యూ-లాన్ ఎవరో కూడా చెబుతాను. ఆల్చిప్ప నాదే. గీసినందుకు సిగ్గులేదు. అది ఇంకెక్కడైనా కట్టుకోవచ్చు. ఆ చెట్టు కింద ఏమీ కట్టనక్కర్లేదు.

ఉద్యోగం ఉండదు. బోర్డు మీద పేరు ఉండదు. తాతకి కట్టబోయిన గూడు చేజేతులా పడగొట్టిందని సాయంత్రానికి అత్త ఫ్రిజ్ మీద కాగితం పీకేస్తుంది. పీకెయ్యనీ. ఆమెకి ఏమీ చెప్పను.

తైపే వెళ్ళట్లేదు. ఎల్లుండి శుక్రవారం. ఎనిమిదింటికి పార్కులో ఉంటాను.